మెత్తని మడి

ఊరిపెద్ద తక్ మన్‌సిక్‌కి చెందిన విత్తనాల మడిలో కలుపు తీసి గట్టెక్కేసరికి ఒక్‌బున్ మెడంతా మండిపోతోంది. చేతులకు గ్లౌజులున్నాయి, మోచేతిదాకా గుడ్డ తొడుగులున్నాయి. ఆ రెంటికీ మధ్య మణికట్టు దగ్గర కాస్త సందు మిగిలితే వరి అక్కడా వదల్లేదు. ఊద మొక్క పీకడానికి వంగినప్పుడల్లా ఆకు మొనలు గడ్డం కింద, చెవుల వెనక, ఆఖరికి కనురెప్పల మీద కూడా గీసుకుపోయాయి. వాటి మీదికి చెమట దిగి చురుక్కు చురుక్కుమంటోంది.

"ఇది వరా, రంపమా?" గురే పిన్ని టోపీ తీసి ముఖం తుడుచుకుంది. "వీడు మడికి నీళ్ళు పెట్టాడా, కత్తులు నాటాడా?"

ఈ ఊళ్ళో ఆడవాళ్ళ సొంత పేర్లు పెళ్ళితోనే పోతాయి. ఏ ఊరినుంచి కోడలై వస్తే ఆ ఊరే పేరు. గురే నుంచి వచ్చింది గురే పిన్ని. జిందో దీవి నుంచి వచ్చిన ఒక్‌బున్ ఊరందరికీ జిందో వదిన. ఆమెకు ఒక్‌బున్ అనే పేరుందని గుర్తున్నది ఆసుపత్రివాళ్ళకు మాత్రమే.

మన్‌సిక్ పెళ్ళాం దమ్యాంగ్ వదిన గట్టు మీద చాప పరిచి, సోయా పాలలో వేసిన చల్లటి నూడుల్స్ గిన్నెల్లోకి వంచుతోంది. పక్కనే కిమ్చి, బియ్యపు కల్లు. ఆమె మెడా గీతలు గీతలుగానే ఉంది. ఎవరి ముఖంలోకీ చూడకుండా వడ్డించింది.

మన్‌సిక్ మాత్రం చిన్న ట్రక్కు దిగి, ఇస్త్రీ మడత చెదరని చొక్కాతో గట్టు మీద నిలబడ్డాడు. బదులు పని అంటే మనిషికి మనిషి. ఇవాళ నా మడికి నువ్వు, రేపు నీ మడికి నేను. కాకపోతే ఊరిపెద్దయ్యాక మన్‌సిక్ బదులెప్పుడూ దమ్యాంగ్ వదినే వంగుతుంది. ఆయన వంగడం ఎన్నికలప్పుడు తప్ప ఎవరూ చూడలేదు.

"విత్తనాల తనిఖీకి ఈ వారంలో వస్తారు. ఒక్క ఊద మొక్క కనపడకూడదు పిన్నీ," అన్నాడు. వంగకుండానే చెయ్యి చాపి ఒక ఆకు కొస పట్టుకుని వదిలాడు. అది మళ్ళీ నిటారుగా నిలబడింది. "చూశారా ఆకు! ఎండలు ముదిరినా, వానలు కురిసినా, ఒక్క మచ్చ లేదు. ఒక్క దోమ వాలలేదు. అంతా సిలికాన్ మహిమ. ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెం అని మనవాళ్ళు చులకనగా చూస్తారు గానీ, అది ఆకు చర్మంలోకెక్కి గాజులా పేరుకుంటుంది. తెగులు లోపలికి దూరలేదు. పురుగు కొరికితే దాని పళ్ళే అరగాలి."

"మా మడుల్లోనూ వేశావుగా మరిదీ వసంతంలో," అంది ఒక్‌బున్.

"వెయ్యకపోతే ఎలా వదినా? సర్కారు ఇచ్చింది ఊరందరికీ. మూడేళ్ళకోసారి వచ్చేది. బస్తాలు మోసే ఓపిక మీకెవరికీ లేదనే కదా అందరిదీ నేనే మిషన్‌తో చల్లింది." నవ్వాడు. "అదే ఎరువు, అవే నీళ్ళు. ఇక మిగిలిందంతా చేసే చేతిలో ఉంటుంది."

ఆ మాటకు ఒక్‌బున్ తల వంచుకుని నూడుల్స్ తింది. నిరుడు ఆమె మడికి అగ్గితెగులు తగిలి సగం పోయింది. ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నాడో చాప మీద కూర్చున్న అందరికీ తెలుసు.

మర్నాడు ఒక్‌బున్ వంతు. కొండ కింద, వాగు పక్కనున్న ఇసుక నేల మడి. ఆమెకున్నది అదొక్కటే. అదీ ఆమెది కాదు, నగరంలో ఉండే ప్యో గారిది. మడి పైన కొండ వాలులో ప్యో వంశం సమాధులు వరసగా ఉంటాయి. మడి చేసుకునేవాళ్ళు కౌలు ఇవ్వక్కర్లేదు. దానికి బదులు ఏడాది పొడుగునా ఆ సమాధుల మీద గడ్డి కొయ్యాలి. శరత్కాలంలో ఆ వంశంవాళ్ళంతా కార్లేసుకుని దిగే రోజున, ఆ మడి బియ్యంతోనే అన్నం, పిండివంటలు, చేపల అట్లు, సూపులు వండి సమాధుల ముందు పెట్టాలి. మొగుడు పోయాక కూడా ఒక్‌బున్ ఆ పని ఒక్కతే చేస్తోంది. నిరుడు పంట చూసిన ప్యో గారు, మళ్ళీ ఇలాగే అయితే మడి మన్‌సిక్‌కి ఇచ్చేస్తానన్నాడు. మడి పోతే ఆమెకు మిగిలేది పెరట్లో మిరప చెట్లు, ఎవరి షెడ్డులోనో కూర్చుని వెల్లుల్లి ఒలిచే పని.

ఆడవాళ్ళు వరసగా మడిలో దిగారు. నాలుగడుగులు వేశారో లేదో గురే పిన్ని పెద్దగా నవ్వింది.

"అబ్బ! జిందోదానా, నీ మడి పట్టుపరుపే! నిన్నటి ఆ రంపాల తర్వాత ప్రాణం లేచొచ్చింది."

"అవునే పిన్నీ," అంది పక్కనున్నామె. "ముఖం పెట్టినా గుచ్చుకోదు. జిందో వదిన మనసులాగే మెత్తగా ఉంది."

ఒక్‌బున్ కూడా నవ్వింది. తన మడిని ఎవరైనా పొగిడి చాలా కాలమైంది. ఆ నవ్వుతోనే వంగి ఒక ఊద మొక్కను వేళ్ళతో సహా లాగింది. వరి ఆకులు ఆమె చెంపకు తగిలి, తగిలినవి తగిలినట్టే పక్కకు ఒరిగిపోయాయి.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గ్లౌజు తీసేసింది. ఒక ఆకును మొదట్లో రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కొసదాకా గట్టిగా లాగింది. ఏమీ కాలేదు. ఇంకో ఆకు పట్టుకుంది. తర్వాత నాలుగడుగులు లోపలికెళ్ళి ఇంకోటి. ఎక్కడ పట్టుకున్నా ఉడికిన తోటకూర కాడల్లా చేతిలో వాలిపోతున్నాయి. అప్పుడు ఆకుల్ని పైకెత్తి వెలుతురుకు పెట్టి చూసింది. కింది ఆకుల మీద మచ్చలు మొదలయ్యాయి. మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు, నూలుకండె ఆకారం. పొట్ట దశలో ఉంది వరి. ఇంకో వారంలో వెన్ను బయటికొస్తుంది. అప్పుడు ఇదే తెగులు మెడకెక్కితే వెన్నులు విరిగి తెల్లగా, తాలుగా వేలాడతాయి. నిరుడూ అంతే.

"పిన్నీ," అని పిలిచింది.

గురే పిన్ని నీళ్ళు తొక్కుకుంటూ వచ్చింది. మచ్చలు చూసింది. తనూ గ్లౌజు తీసి ఆకును లాగింది. ఆవిడ నవ్వు ముఖం మీంచి నెమ్మదిగా పోయింది.

"నా మడీ మెత్తగానే ఉందే," అంది గొంతు తగ్గించి. "మొన్న నా ఒక్కదాన్నే కలుపు తీస్తుంటే ఒక్క గీతా పడలేదు. వయసైంది, తోలు మందమైపోయింది అనుకున్నాను."

ఇద్దరూ ఒకరి మెడ ఒకరు చూసుకున్నారు. నిన్నటి గీతలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. సిలికాన్ పడ్డ వరి ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంక ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. వాళ్ళ మడుల్లో పడాల్సిందంతా ఎక్కడ పడిందో కూడా తెలిసిపోతోంది. వరసలో చివరనున్న దమ్యాంగ్ వదిన మాత్రం తలెత్తలేదు. ఇంకా గబగబా కలుపు పీకుతూ, పీకింది గట్టు మీదికి విసురుతూ, వాళ్ళకు దూరంగా జరిగిపోయింది.

వసంతంలో తను మోకాలికి సూదులు వేయించుకోవడానికి పట్నం ఆసుపత్రిలో ఉంది. తిరిగొచ్చాక మన్‌సిక్ ఎదురొచ్చి, "నీ మడి పని అయిపోయింది వదినా, రాత్రి వానకు చక్కగా దిగింది కూడా," అన్నాడు. తను ఏం చేసింది? సొంతంగా దించిన బియ్యపు కల్లు సీసా పట్టుకెళ్ళి, రెండు చేతులతో ఇచ్చి, నడుం వంచి దండం పెట్టింది. ఆ సీసా వాడు తీసుకున్నాడు. పైగా మూత తీసి వాసన చూసి, బాగా కుదిరిందన్నాడు. ఛీ! దొంగతనం చేసినవాడి కంటే, తను దోచుకున్నవాళ్ళ చేతే దండాలు పెట్టించుకున్నవాణ్ణి ఏమనాలి?

ఆ సాయంత్రం ఎండ వాలకుండానే మన్‌సిక్ ఆమె వాకిట్లోకొచ్చాడు. చేతిలో పసుపుపచ్చ దోసపళ్ళ సంచి. పెళ్ళాం చెప్పి ఉంటుంది, లేదా వాడే ఊహించి ఉంటాడు. అరుగు మీద కూర్చుని, అడక్కుండానే చెంబెడు నీళ్ళు ముంచుకు తాగాడు.

"వదినా, చూడు, ఎల్లుండి ప్యో గారు వస్తున్నారు, సమాధుల గడ్డి కోతకి. నీ మడిలో మచ్చలున్నాయని విన్నాను. రేపు పొద్దున్నే నా డ్రోన్ పంపించి మందు కొట్టిస్తాను. వెన్ను తీయకముందే కొడితే ఆగుతుంది. నువ్వేం కంగారు పడకు."

"సిలికాన్ ఏమైంది మరిదీ?"

"అదా..." వాడు చెంబు బోర్లించాడు. "బస్తాలు కొన్ని పొరపాటున అటు పోయినట్టున్నాయి. విత్తనాల మడి కదా, ఒక్క మచ్చ ఉన్నా తిప్పి కొడతారు. ఊరి పరువు కూడాను. వచ్చేసారికి నీకు రెండింతలు వేయిస్తాను. ప్యో గారి దగ్గర మాత్రం ఇవన్నీ ఎత్తకు. ఆయనకి గొడవలు గిట్టవు. గొడవ చేసే చేతిలో మడి పెడతాడా చెప్పు?"

"గురే పిన్ని మడికీ కొట్టిస్తావా?"

"ఆవిడ గొడవ నీకెందుకు వదినా?" మన్‌సిక్ గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది. "నీ మడి నువ్వు చూసుకో."

ఒక్‌బున్ బోర్లించిన చెంబు తీసి లోపల పెట్టింది. దాన్ని వాడు ఒప్పుకోవడంగానే తీసుకుని, మోకాళ్ళు తట్టుకుంటూ లేచి వెళ్ళిపోయాడు. వాడు పెట్టి వెళ్ళిన పళ్ళు అరుగు మీద నిగనిగలాడుతూ కూర్చున్నాయి. వాటి తియ్యటి వాసన ఇల్లంతా పాకింది. సంచితో సహా కోళ్ళ ముందు కుమ్మరించింది.

అయినా పొద్దున డ్రోన్ వస్తే ఆపలేకపోయింది. ఆపుదామనే గట్టు మీదికెళ్ళింది. అది మడి మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీసినట్టు ఎగురుతూ తెల్లటి తుంపర కురిపిస్తుంటే, చేతులు కట్టుకుని నిలబడిపోయింది. పొట్టలో వెన్నులున్నాయి. వాటిని చేజేతులా పోగొట్టుకునే ధైర్యం ఆమెకు లేదు. డ్రోన్ ఆమె గట్టు దాటి ఒక్క అడుగు కూడా అవతలికి పోలేదు. అవతల మడి గురే పిన్నిది.

"భలే! నీకు ఆకాశం నుంచి కురుస్తోందే జిందోదానా," అంది పిన్ని తన గట్టు మీద నిలబడి. "మాకు మబ్బు కూడా పట్టలేదు."

ఒక్‌బున్ ముఖం కందిపోయింది. గట్టు దిగి పిన్ని దగ్గరికెళ్ళింది. నిన్న సాయంత్రం జరిగిందంతా చెప్పింది, పళ్ళ సంచితో సహా.

"మింగేశావన్నమాట," అంది పిన్ని.

"మింగబోయాను పిన్నీ. దిగట్లేదు. నా మీద నాకే అసహ్యమేస్తోంది."

"అయితే కక్కెయ్. రేపు ఆయన వస్తాడుగా." పిన్ని వంగి తన మడిలో ఒక మచ్చ ఆకు తుంచి, చూసి, నీళ్ళలో పారేసింది.

ప్యో గారు తెల్ల టోపీ, కొత్త బూట్లు వేసుకుని పది గంటలకు దిగాడు. కొండ వైపు చూడగానే ముఖం ముడుచుకుంది. ప్రతి ఏడూ ఆయన వచ్చేసరికి సమాధులు నున్నగా గొరిగి ఉంటాయి. ఆయన పైకెక్కి, ఒక గరిక పోచ తుంచి, ఫోటో తీయించుకుని దిగుతాడు. ఈసారి ఒక్‌బున్ కొడవలి పట్టుకుని కొండెక్కలేదు, గడ్డి మోకాళ్ళెత్తున ఉంది.

"ఇదేంటి? కోయలేదేం?"

"ఆవిడకి ఓపిక ఎక్కడిదండీ," మన్‌సిక్ అందుకున్నాడు. "మోకాళ్ళు పోయాయి పాపం. మడి కూడా చూడండి, మళ్ళీ తెగులు. చూడలేక నిన్న నేనే మందు కొట్టించాను. ఏం వదినా, చెప్పు ప్యో గారికి."

కలుపు పనికని వచ్చిన ఆడవాళ్ళంతా గట్టు మీద కూర్చుని ఉన్నారు. దమ్యాంగ్ వదిన కూడా ఉంది. మన్‌సిక్ చిరునవ్వుతో, దండం కోసం ఎదురుచూస్తున్నాడు.

"ప్యో గారూ, మీరు ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళే," అంది ఒక్‌బున్. "ఆయన మడిలో ఒక ఆకు పట్టుకుని లాగండి. తర్వాత నా మడిలో. తర్వాత పిన్ని మడిలో."

ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. విత్తనాల మడి దగ్గరికెళ్ళి ఆకు లాగాడు. స్స్ అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. మిగతా రెండు మడుల్లో ఆకులు లాగి, రెండుసార్లూ తన వేలు చూసుకున్నాడు. అర్థమైపోయింది. చిన్నప్పుడు ఇదే వరిలో చొక్కా లేకుండా పరిగెత్తి ఒళ్ళు గీరుకున్నవాడికి అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

"మా ఇద్దరి వాటా ఆయన మడిలో ఉంది," అంది ఒక్‌బున్. "నేను నోరు మూసుకుంటే మడి నిలబెడతానన్నాడు. ఆ మందు అందుకే కొట్టాడు. నేనూ కొట్టనిచ్చాను, అదీ చెబుతున్నాను."

"పొరపాటున..." అని మన్‌సిక్ మొదలెట్టాడు.

ప్యో గారు చెయ్యెత్తి ఆపాడు. రుమాలు తీసి వేలికి చుట్టుకుంటూ, మడులవైపు ఇటూ అటూ చూశాడు. "చూడమ్మా, జరిగింది తప్పే కావచ్చు. కానీ వ్యవసాయమంటే సంపాదించుకోవడం. ఆయన సంపాదించుకున్నాడు, మీరు కాపాడుకోలేకపోయారు. నేలకి ఇవన్నీ తెలీవు. నిలబడ్డ వరి ఎవరిదో అదే తెలుసు. వచ్చే ఏడు నుంచి మన్‌సిక్ చూసుకుంటాడు." దమ్యాంగ్ వదిన వైపు తిరిగాడు. "శరత్కాలం వంటలు ఇక నీవేనమ్మా. మా నాన్నగారికి చేపల అట్లు కరకరలాడాలి, గుర్తుపెట్టుకో."

"చెయ్యను," అంది దమ్యాంగ్ వదిన.

మూడు రోజుల్లో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. మన్‌సిక్ వినపడనట్టు చూశాడు.

"ఏంటి?"

"చెయ్యనన్నాను. ఆ బస్తాల మూతులు కోసింది నేనే. జిందో వదిన ఆసుపత్రిలో ఉంది, ఇదే అదను, గబగబా కానియ్ అన్నావు. కొడవలి పట్టుకుని ఒక్కొక్కటీ నేనే కోశాను. మూడు రోజులుగా ఈ ఆడాళ్ళ పక్కన వంగి, నా మడిలోనే నా మెడ కోసుకున్నాను. వాళ్ళ నోటి దగ్గరది లాక్కుని, ఇప్పుడు ఆ మడి బియ్యం వండి పెద్దల ముందు పెట్టి దండం పెట్టమంటారా? నాకు రోతగా ఉంది. నువ్వూ, నీ గడ్డీ, నీ అట్లూ."

"ఏయ్, నోర్ముయ్! పరాయివాళ్ళ ముందు..."

"అట్లు నువ్వే పోసుకో. పెనం ఇంట్లోనే ఉంది."

"మన్‌సిక్ చేపలట్లు పోస్తాడంట!" గురే పిన్ని తొడ చరిచింది. "ప్యో గారూ, మీ పెద్దలు సమాధుల్లోంచి లేచొస్తారు, అవి తినలేక." ఆడవాళ్ళు ఆగలేక పక్కున నవ్వారు.

ప్యో గారు నవ్వలేదు. ఆయన కళ్ళు కొండ మీది గడ్డి మీద ఉన్నాయి. దొంగతనం విన్నప్పుడు తొణకని మనిషి ఇప్పుడు కంగారు పడుతున్నాడు. శరత్కాలంలో బాబాయిలు, అన్నదమ్ములు, వాళ్ళ పెళ్ళాలు అందరూ వస్తారు. గడ్డి పెరిగిన సమాధుల ముందు, ఖాళీ బల్ల ముందు నిలబడి ఆయన్ని వేలెత్తి చూపిస్తారు.

"సరే సరే," అన్నాడు హడావిడిగా. "ఎందుకీ గొడవ? జిందో అమ్మా, మడి నువ్వే ఉంచుకో. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉంచుకో. అంతేగా నీకు కావలసింది? ముందు ఆ గడ్డి సంగతి చూడు."

ఎన్ని రోజులుగానో ఒక్‌బున్ వినాలనుకున్న మాట అదే. మడి నువ్వే ఉంచుకో. అది విన్నాక ఆమెకు సంతోషం రాలేదు. గురే పిన్ని గురించి ఒక్క ముక్క లేదు. మన్‌సిక్‌ని ఒక్క మాట అనలేదు. మన్‌సిక్ కూడా అప్పుడే తేరుకుని, ఆయన పక్కకు జరిగి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే ముఖంతో ఆమెవైపు చూస్తున్నారు.

"ఉంచుకుంటాను," అంది. "కౌలు అందరిలాగే ధాన్యం కొలిచిస్తాను. గడ్డి మాత్రం కొయ్యను. వంటా చెయ్యను."

"అదేంటి? అదెప్పటినుంచో ఉన్న ఆనవాయితీ..."

"వాళ్ళు మీ నాన్నగారూ, మీ తాతగారూ. నాకేమవుతారు? మీ కారులో గడ్డి కోసే యంత్రం ఉందిగా, ఏటా తెస్తారుగా." గ్లౌజులు తొడుక్కుంది. "ఇలా వద్దంటే చెప్పండి, మడి ఇంకెవరికైనా ఇవ్వండి. ఎవరు వండుతారో అడిగి మరీ ఇవ్వండి."

ప్యో గారు గట్టు మీది ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ చూశాడు. ఒక్కొక్కరూ ఆయన చూపు తమ మీదికి రాగానే టోపీలు కిందికి లాక్కున్నారు. ఆయన "ధాన్యమే ఇవ్వు," అని గొణిగి, కారు దగ్గరికి నడిచాడు.

దమ్యాంగ్ వదిన లేచింది. "పిన్నీ, డ్రోన్ నడపడం నాకూ వచ్చు. సాయంత్రం గాలి తగ్గాక నీ మడికి కొడతాను," అంటూ, మొగుడి ముఖం చూడకుండా గురే పిన్ని మడిలోకి దిగింది. ఆమె వెనక మిగిలినవాళ్ళూ దిగి వరస కట్టారు.

ప్యో గారు డిక్కీ తెరిచి యంత్రం బయటికి లాగాడు. దానికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడలేదు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మన్‌సిక్, ఇది ఎలా మొదలెట్టాలయ్యా?" అన్నాడు. ఇస్త్రీ చొక్కా మన్‌సిక్ పక్కన వంగి, తాడు పట్టుకుని లాగాడు. మళ్ళీ లాగాడు.

"అమ్మా, నీకేమైనా తెలుసా ఇది?" ప్యో గారు మడిలోకి కేకేశాడు.

"నాకు కొడవలే తెలుసండీ," అంది ఒక్‌బున్ వంగినచోటి నుంచే, ఊద మొక్కను వేళ్ళతో సహా లాగుతూ.